అలుగు లేని చెరువుల కింద ఉద్యోగానికి వెళ్లే తమ్ముడికి

దేవరకొండ పక్క ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "ఈ ఏడే సివిల్ పాసయ్యాను. హిమాచల్‌లో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగం పనిలో సైట్ ఇంజినీర్‌గా ఉద్యోగం వచ్చింది. నాయన వద్దంటున్నాడు. అక్కడి ఊళ్లవాళ్లేమో ప్రాజెక్టులు వద్దని ధర్నాలు చేస్తున్నారు. మంచు కరగడం, సరస్సులు తెగడం నిజంగా వాతావరణ మార్పు వల్లేనా? అలాంటి చోట సుస్థిర అభివృద్ధి అంటే ఏమిటి? మంచు ముఖం చూడని మన జిల్లాకు దీనితో సంబంధం ఏముంది? వెళ్లాలా, వద్దా?"

తమ్ముడూ, నాది నకిరేకల్ వైపు ఊరు. మంచునూ వాగుల నీళ్లనూ కొలిచే సర్వే బృందాల్లో 19 ఏళ్లు పనిచేశాను. ఎక్కువ కాలం హిమాచల్‌లోని లాహౌల్‌లో, కొన్నాళ్లు లడఖ్‌లో ఉన్నాను. జవాబు పొడుగవుతుంది. నువ్వు అడిగినవి నాలుగు ప్రశ్నలు, పైగా నీ ప్రాణానికి సంబంధించినవి.

ముందు మీ నాయన మాట. ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోకు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి లోపల 8 మంది చిక్కుకున్నారు. మీ ఊరికి అది ఎంతో దూరం కాదు, ఆ రోజులన్నీ ఆయన టీవీ ముందే కూర్చుని ఉంటాడు. నల్లగొండ నేలకు శ్రీశైలం నీళ్లు తెచ్చే ఆ పనిలో ఉన్న ఎనిమిది మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ బిడ్డలు. ఒక్కరినీ ప్రాణాలతో బయటికి తీసుకురాలేకపోయారు. అంతకుముందు 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకుంటే 17వ రోజున అందరూ బతికి బయటపడ్డారు. అక్కడ చివరి మీటర్లు చేతులతో తవ్విన ర్యాట్‌హోల్ మైనర్ల బృందం దోమలపెంటకు కూడా వచ్చింది. మన నీళ్ల కోసం వాళ్ల పిల్లలు కొండ కిందికి దిగారు. అందుకని నువ్వు వాళ్ల కొండలకు వెళ్లొద్దని అనడానికి నాకు నోరు రాదు. ఏ నీళ్ల కింద పడుకుంటున్నావో తెలుసుకుని వెళ్లు అంటాను. మిగతాదంతా దాని గురించే.

మన ఊరి చెరువు ఏం చేస్తుంది? వానాకాలంలో పడిన నీళ్లను ఆపుకుని, యాసంగి దాకా తూము గుండా కొద్దికొద్దిగా వదులుతుంది. హిమానీనదం చేసేదీ అదే పని. చలికాలంలో పడిన మంచును పట్టి ఉంచుకుని, నీళ్లు లేని ఎండల్లో కొద్దికొద్దిగా కరిగి కిందికి ఇస్తుంది. లేహ్‌లో ఏడాది మొత్తం కలిపి కురిసేది 100 మిల్లీమీటర్ల లెక్క. మన దగ్గర గట్టి ముసురు రెండు రోజులు పట్టినా అంత పడుతుంది. అంత ఎండు నేలలో బార్లీ, బఠాణీ, ఆప్రికాట్ చెట్లు బతుకుతున్నాయంటే పైనున్న ఆ మంచు చెరువే ఆధారం. కాబట్టి హిమానీనదం పోవడం అంటే నీళ్లు తగ్గడం ఒక్కటే కాదు. తూము తెరిచే తారీఖు చెడిపోవడం. మంచుగా పడి నిలవాల్సింది వానగా పడి అదే రోజు పోతుంది. నిలిచినది కూడా పంటకు అక్కర వచ్చే దాకా ఆగకుండా ముందే కరుగుతుంది. ఏడాది లెక్కలో నీళ్లు అన్నే ఉన్నా, రైతు విత్తనం వేసే వారంలో కాలువ ఎండిపోయి ఉంటుంది.

మేం ఆ మంచు మీద వెదురు కర్రలు దింపేవాళ్లం. ఆవిరితో మంచులో లోతుగా బొక్క చేసి, కర్రను అందులోకి దించి, బయటికి కనిపించే భాగాన్ని కొలిచి రాసుకుంటాం. ఎండాకాలం అయిపోయాక వెళ్తే కర్ర ఎంత పైకి తేలి ఉంటే అంత మంచు కరిగినట్టు. నేను చేరిన కొత్తలో సెప్టెంబరుకు కర్ర నిలబడే ఉండేది. చివరి ఏళ్లలో, కింది భాగాన దింపిన కర్రలు మంచు మీద అడ్డంగా పడిపోయి దొరికేవి. కొలవడానికి ఏమీ మిగలని కర్రను చేతిలో పట్టుకుని నిలబడటం చాలా బాధగా ఉండేది.

కొన్నేళ్ల పాటు ఈ కరగడం మోసం చేస్తుంది. వాగుల్లో నీళ్లు ఎక్కువే వస్తాయి, కాలువలు నిండుగా పారతాయి, కరెంటు బాగా పుడుతుంది. అది పంట కాదు, విత్తనాల గింజలు వండుకు తినడం. ఒక దశ దాటాక నీళ్లు ఏటేటా తగ్గుతాయి. ఖాట్మండులో ఇసిమోడ్ అనే పర్వత ప్రాంతాల పరిశోధన సంస్థ ఉంది. 2019లో ఆ సంస్థ ఇచ్చిన అంచనా ప్రకారం, భూమి వేడి పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా ఈ శతాబ్దం చివరికి హిందూకుష్-హిమాలయ మంచులో మూడో వంతు పోతుంది. ఇప్పటి లాగే పొగ వదులుతూ పోతే మూడింట రెండు వంతులు.

ఇప్పుడు నువ్వు భయపడుతున్న సరస్సుల సంగతి. హిమానీనదం కిందికి జారుతూ రాళ్లు, మట్టి ఈడ్చుకొచ్చి తన మూతి దగ్గర పెద్ద కుప్పగా పోస్తుంది. కరిగి వెనక్కి తగ్గినప్పుడు ఆ కుప్పకూ మంచుకూ మధ్య గుంట మిగులుతుంది. అందులో నీళ్లు నిలుస్తాయి. ఏటేటా మంచు వెనక్కి పోతుంటే గుంట పెద్దదవుతుంది.

మన కాకతీయుల కాలం చెరువులను తలుచుకో. కట్టకు లోపలి వైపు రాళ్లు పేర్చి ఉంటాయి. తూము ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే పోవడానికి అలుగు ఉంటుంది. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో దానిలోకి పోయేట్టు గొలుసు కట్టారు. నీళ్లు ఎటు దూకుతాయో ముందే ఆలోచించి కట్టినవి అవి. కొండ మీది ఆ సరస్సుకు కట్ట ఉంది కానీ, తగిన అలుగు లేదు. కట్టింది ఎవరూ కాదు, వదులు మట్టి, బండలు, వాటి మధ్య మంచు. ఆ మంచు కరిగితే కట్ట లోలోపలే గుల్లబారుతుంది. పక్క గట్టు నుంచి చరియ విరిగి సరస్సులో పడితే అల లేచి కట్ట మీదుగా దూకుతుంది. మట్టికట్ట మీదుగా నీళ్లు దూకితే ఏమవుతుందో, చెరువు తెగిన రాత్రి చూసినవాళ్లు ఎవరైనా చెబుతారు.

2023 అక్టోబరు 3 రాత్రి ఉత్తర సిక్కింలో దక్షిణ ల్హొనాక్ సరస్సుకు జరిగింది అదే. 5,200 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సులోకి పక్క గట్టు నుంచి గడ్డకట్టిన మట్టీ రాళ్లూ కూలాయి. బయటికి దూకిన నీళ్లు సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో 2 టీఎంసీలు కూడా కావు. నాగార్జునసాగర్ నిండితే 312 టీఎంసీలు. సాగర్ గేట్లు ఎత్తితే ఒక్క రోజులో అంతకు ఎన్నో రెట్లు కిందికి పోతాయి, మనం పిల్లలను తీసుకుని చూడటానికి వెళ్తాం. కానీ అక్కడ ఆ రెండు టీఎంసీల లోపు నీళ్లు మూడు వేల మీటర్లకు పైగా కిందికి, ఇరుకు లోయలో, ఇల్లంత బండలను దొర్లించుకుంటూ దిగాయి. చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యాం 60 మీటర్ల ఎత్తు ఉండేది. అది కొట్టుకుపోయింది. వంద మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. ఆ సరస్సు ప్రమాదమని ఎవరికీ తెలియక జరిగింది కాదు. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెప్పారు. 2016లో పైపులు వేసి సైఫన్ పద్ధతిలో కొంత నీళ్లు తోడారు కూడా. చెప్పిన మాట డ్యాం దగ్గర పడుకున్న మనిషి చెవి దాకా చేరలేదు. నా బాధ అక్కడ.

నువ్వు వెళ్లేది హిమాచల్ కాబట్టి ఇంకో పేరు గుర్తుపెట్టుకో: గేపాంగ్ గాట్. లాహౌల్‌లో సిస్సు ఊరి పైన, 4,068 మీటర్ల ఎత్తున ఉంది. 1989లో 36 హెక్టార్లు, అంటే 90 ఎకరాల చెరువు. 2022కు 101 హెక్టార్లు, 250 ఎకరాలు. ఇది ఇస్రో ఉపగ్రహ చిత్రాల లెక్క. హిమాలయ నదీ పరీవాహకాల్లో 10 హెక్టార్లకు మించిన సరస్సులు 2,431 ఉంటే, 1984 నుంచి వాటిలో 676 చెప్పుకోదగ్గంత పెరిగాయని, అందులో 130 మన దేశం లోపల ఉన్నాయని 2024లో ఇస్రో ప్రకటించింది. మంచు ముఖం చూడని మనకు సంబంధం ఏమిటని అడిగావు కదా. మన ఉపగ్రహాలు తీసే చిత్రాలు దిగే పెద్ద స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టే దాకా షాద్‌నగర్ పాలమూరు జిల్లాలోదే. ఒక్క వాన కోసం ఆకాశం వైపు చూసే ఆ నేల మీదే హిమాలయాల మంచు లెక్క దిగుతోంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. సరస్సు పెరగడం అంటే రేపే తెగుతుందని కాదు. ప్రతి వరదనూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం కూడా సరికాదు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో రిషిగంగ, ధౌలిగంగ నదుల మీదికి వచ్చిన ముంపు సరస్సు తెగి వచ్చింది కాదు. రోంటీ శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ ఒకేసారి విరిగి పడ్డాయి. ఆ రాపిడి వేడికి మంచు కరిగి బురద వరదైంది. నడి చలికాలం అది. తపోవన్ సొరంగంలోనూ, రిషిగంగ ప్రాజెక్టు దగ్గరా పనిచేస్తున్నవాళ్లతో కలిపి 200 మందికి పైగా పోయారు. ఎత్తయిన కొండల్లో రాతి పగుళ్లను పట్టి ఉంచేది గడ్డకట్టిన మంచే. వేడి పెరిగే కొద్దీ ఆ పట్టు సడలుతుందన్నది నిజం. అలాగని ఒక్కో సంఘటనకు ఇంత శాతం వేడి కారణమని చెప్పడం కష్టం. కానీ వరద వచ్చే దారిలో డ్యాం, సొరంగం, క్యాంపు పెట్టింది మాత్రం మనుషులే. దానికి వాతావరణాన్ని తిట్టి లాభం లేదు. అక్కడి రైణి ఊరి ఆడవాళ్లు 1974లో చెట్లను కావలించుకుని చిప్కో ఉద్యమాన్ని నిలబెట్టారు. అదే ఊరివాళ్లు 2019లో ప్రాజెక్టు పనుల మీద హైకోర్టుకు వెళ్లారు. అందుకే ధర్నా చేసేవాళ్లను అభివృద్ధికి అడ్డం అనుకోకు. ఆ వాగు పక్కన పుట్టి పెరిగినవాళ్లకు తెలిసిన సంగతి కొంత ఉంటుంది, అది నీ డ్రాయింగ్ షీటులో ఉండదు.

అక్కడ సుస్థిర అభివృద్ధి అంటే ఏమిటన్నది నీ రెండో ప్రశ్న. దీనికి నేను లడఖ్‌లో చూసిందే చెబుతాను. చెవాంగ్ నోర్ఫెల్ అని ఒక సివిల్ ఇంజినీర్ ఉన్నారు, ప్రభుత్వ ఉద్యోగం చేసినవారు. చలికాలంలో వృథాగా పారే నీళ్లను కొండ నీడలో రాళ్ల అడ్డుకట్టలతో నెమ్మది చేస్తే అక్కడే గడ్డకడతాయని ఆయన గమనించారు. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉండటం వల్ల ఆ మంచు పై హిమానీనదం కంటే ముందే, సరిగ్గా విత్తనాల వేళకు కరుగుతుంది. 1987 నుంచి అలాంటివి పలు ఊళ్లలో కట్టించారు. 2015లో పద్మశ్రీ ఇచ్చారు. తరవాత సోనమ్ వాంగ్‌చుక్ 2013-14 చలికాలంలో మంచు స్తూపం చేసి చూశారు. పై నుంచి పైపులో వచ్చే నీళ్లు తమ ఒత్తిడితోనే పైకి చిమ్మి, చలి గాలికి గడ్డకట్టి గోపురంలా పేరుకుంటాయి. మోటారు అక్కర్లేదు. గోపురం ఆకారం కాబట్టి ఎండ తగిలే వైశాల్యం తక్కువ, త్వరగా కరగదు. దీంట్లో పెద్ద యంత్రమేమీ లేదని ఎవరైనా తీసిపారేస్తే వినకు. తూము తారీఖు చెడిన ఊరికి ఆ తారీఖును తిరిగి తెచ్చి ఇచ్చిన పని అది. అయితే దీనికీ హద్దు ఉంది. పై నుంచి వచ్చే వాగే ఎండిపోతే స్తూపం కట్టడానికి నీళ్లుండవు.

అక్కడి ఊళ్లలో నీళ్లు పంచే మనిషిని చుర్‌పోన్ అంటారు. ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపు అన్నది అతని మాట. మొదటిసారి విన్నప్పుడు నాకు మా తాత చెప్పే నీరటి గుర్తొచ్చాడు. మా ఊరి చెరువుకూ తూము తెరవడానికి, మళ్లు తడపడానికి నీరటి ఉండేవాడు, కళ్లంలో అతని పాలు అతనికి కొలిచి పెట్టేవాళ్లు. బోర్లు వచ్చాక మన దగ్గర నీరటి పోయాడు. ఎవరి మోటారు వాళ్లది అయింది. 300 అడుగులు, 500, 800. లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం మనం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు పుస్తకాల్లోకి అలా ఎక్కింది. అందుకే లేహ్‌లో హోటళ్ల వెనక బోరు బండి చప్పుడు విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. అక్కడ మలాన్ని ఎరువుగా మార్చే పొడి మరుగుదొడ్లు వందల ఏళ్లుగా ఉన్నాయి, చుక్క నీరు అక్కర్లేదు. టూరిస్టుల కోసం ఫ్లష్ మరుగుదొడ్లు వచ్చాయి, వాటి కోసం బోర్లు, ఆ మురుగంతా మళ్లీ భూమిలోకే. మనం చేసిన తప్పును వాళ్లు మంచు కొండ మీద చేస్తుంటే చూడలేకపోయాను. అక్కడి పెద్దలతో కూర్చుని నల్లగొండ సంగతి చెప్పాను. కొంతమంది విన్నారు.

రోడ్లు, సొరంగాలు వద్దని నేను అనను. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచే ముందు, రోహ్‌తంగ్ కనుమ మూసుకుపోతే లాహౌల్ నెలల తరబడి తెగిపోయేది. కాన్పు కష్టమైన ఆడమనిషిని హెలికాప్టర్ కోసం కూర్చోబెట్టిన రోజులు నేను చూశాను. ఆ సొరంగం వాళ్లకు ప్రాణం. కానీ సొరంగం తెరిచాక చంద్ర నది ఒడ్డున లేచిన కట్టడాలను చూస్తే గుండె జల్లుమంటుంది. మన దగ్గర చెరువు శిఖం భూముల్లో ప్లాట్లు చేసి అమ్మినట్టే. మన చెరువు నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో అక్కడ ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతి హద్దు చూపిస్తాం. పై సరస్సు తెగితే వరద ఎక్కడి దాకా వస్తుందో లెక్క కట్టి ఆ లోయకు కూడా అలాంటి హద్దు గీయవచ్చు. గీసి, దాని లోపల ఎవరినీ పడుకోనివ్వకపోవడం నా దృష్టిలో మొదటి పని. కరెంటు ఆ తరవాతి మాట.

రెండోది ఊరి ఒప్పుకోలు. హిమాచల్‌లో కిన్నౌర్, లాహౌల్-స్పితి రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న గిరిజన ప్రాంతాలు. గ్రామసభకు అక్కడ చట్టం ఇచ్చిన బలం ఉంది. ఇది మనకు కొత్త కాదు. అమ్రాబాద్‌లో యురేనియం కోసం తవ్వుతారన్నప్పుడు చెంచు పెంటల నుంచి పట్నం దాకా జనం కదిలారు. 2019 సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. నల్లమలకు ఒక న్యాయం, కిన్నౌర్‌కు ఇంకొకటి ఉండకూడదు.

ధ్రువాల గురించి క్లుప్తంగా చెబుతాను, నేను అక్కడికి వెళ్లలేదు. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్ 1979 నుంచి మిగతా భూమి కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కుతోంది. కారణం సులువే. తెల్లటి మంచు ఎండను వెనక్కి కొడుతుంది, అది కరిగాక బయటపడే నల్లటి సముద్రం ఎండను తాగేస్తుంది. సున్నం వేసిన మిద్దెకూ వేయనిదానికీ ఏప్రిల్‌లో ఎంత తేడానో మనకు అరికాళ్లకు తెలుసు. అక్కడ నేల లోపల వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టి కరిగి ఇళ్ల పునాదులు కుంగుతున్నాయి. అలాస్కాలో న్యూటోక్ అనే ఊరు 2019 నుంచి కొత్త చోటుకు తరలింది. నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో ప్రపంచ విత్తనాల గిడ్డంగి ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ మన మెట్ట పంటలైన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను అక్కడ దాచింది. ఎప్పటికీ గడ్డకట్టే ఉంటుందని కొండ తొలిచి కట్టిన ఆ గిడ్డంగి ప్రవేశ సొరంగంలోకి 2016లో నీళ్లు వచ్చాయి. విత్తనాల దాకా చేరలేదు, తరవాత మరమ్మతు చేశారు. నాకు ధ్రువాల దగ్గర నచ్చిన సంగతి ఒకటుంది. 1996లో ఏర్పడిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో దేశాల పక్కనే అక్కడి ఆదివాసీల ఆరు సంఘాలకూ కుర్చీ వేశారు. ఓటు లేదు, కానీ వాళ్లను అడగకుండా తీర్మానం చేయరు. మన హిమాలయ రాష్ట్రాల్లో అలాంటి బల్ల ఇంకా వేయలేదు.

మన వానతో సంబంధం కూడా ఉంది. కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టింది, తుంగభద్ర పడమటి కనుమల్లో, మూసీ అనంతగిరిలో. మంచు చుక్క ఒక్కటీ మన నదుల్లో లేదు. మనకు నీళ్లు ఇచ్చేది రుతుపవనమే. 1876-78 పెద్ద కరువు తరవాత వానల సంగతి ముందే చెప్పాలని అప్పటి ప్రభుత్వం అడిగినప్పుడు, వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లో హిమాలయాల మంచు వైపే చూశాడు. కొండల మీద మంచు బాగా పడిన ఏడాది రుతుపవనం మందగిస్తుందని రాశాడు. పాలమూరులో వాన పడుతుందా లేదా అని చెప్పడానికి హిమాలయాల మంచు చూడాలన్న ఆలోచన అంత పాతది.

ఇక వెళ్లాలా వద్దా. ఒక సంగతి చెప్పి జవాబు చెబుతాను. లాహౌల్‌లో ఒక ఏడు జులైలో, మా గుడారాలు ఒక కాంట్రాక్టరు లేబర్ క్యాంపు పక్కన వాగు ఒడ్డునే ఉన్నాయి. చదునుగా, నీళ్లకు దగ్గరగా ఉందని అక్కడ వేశారు. ఆ పనుల్లో ఎక్కువగా జార్ఖండ్, నేపాల్ కూలీలే ఉంటారు. ఆ ఏడు మాత్రం మక్తల్ వైపు నుంచి పాలమూరు గుంపు ఒకటి వచ్చింది. మంచు వాగులో పొద్దున మోకాలి లోతు ఉన్న నీళ్లు సాయంత్రానికి నడుం దాకా వస్తాయి, పగటి ఎండకు కరిగినదంతా అప్పుడే దిగుతుంది. అది మాకు మామూలే. ఆ సాయంత్రం మాత్రం నీళ్లు పెరగాల్సిన వేళకు తగ్గాయి. మేం పట్టించుకోలేదు. ఆ గుంపు మేస్త్రి వాగు దగ్గర కాసేపు నిలబడి వచ్చి, "సారూ, పైన ఎక్కడో అడ్డం పడ్డది. పారే నీళ్లు ఊరికే తగ్గవు" అన్నాడు. క్యాంపు ఇన్‌ఛార్జి కొట్టిపారేశాడు. మేస్త్రి వాదన పెట్టుకోలేదు, తన వాళ్లను లేపి బియ్యం, గిన్నెలు ఎత్తించి పై గట్టుకు నడిపించాడు. వాళ్లను చూసి మేమూ కదిలాం. రాత్రి పదకొండింటికి బురదా బండలూ వచ్చి ఆ చదును నేలను తుడిచేశాయి. మా కొలత పరికరాలు పోయాయి, మనుషులం మిగిలాం. కాలువలు, కట్టలు తవ్వుతూ దేశమంతా తిరిగిన ఆ మనిషికి నీళ్లు చదవడం వచ్చు. నాకు డిగ్రీ ఉంది, ఆ రోజు నాకు రాలేదు.

కాబట్టి చేరే ముందు కంపెనీ వాళ్లను జీతం గురించి అడిగినంత తేటగా ఇవి అడుగు. లేబర్ క్యాంపు, నీ గది నది మట్టానికి ఎన్ని మీటర్ల పైన ఉన్నాయి? పైన ఏ సరస్సులున్నాయి, వాటిని ఎవరు చూస్తున్నారు? తెగితే సైట్ దాకా రావడానికి ఎన్ని నిమిషాలు, సైరన్ ఎవరు మోగిస్తారు, కరెంటు పోయినా మోగుతుందా? సొరంగంలో ఉన్నవాడికి ఆ చప్పుడు ఎలా వినిపిస్తుంది? తవ్వి తీసిన రాళ్లూ మట్టీ, అంటే మక్, ఎక్కడ పోస్తున్నారు? నది ఒడ్డునే పోస్తుంటే మిగతా జవాబులను కూడా నమ్మకు. సొరంగం పైన ఉన్న ఊళ్లలో ఊటలు ఎన్ని, పని మొదలుకాక ముందు వాటి నీళ్లు కొలిచి రాశారా? ఈ ఊటల లెక్క రాయకపోతే చేరాక నువ్వే మొదలుపెట్టు. బకెట్, గడియారం చాలు. సొరంగం వల్ల మా ఊట ఎండిందని రేపు ఒక ముసలమ్మ వస్తే, అవునో కాదో చెప్పడానికి ఆ నోటుబుక్కే దిక్కు. సూటిగా జవాబు చెప్పే కంపెనీ అయితే వెళ్లు. పైసరస్సుల పేర్లు కూడా తెలియని కంపెనీ అయితే మీ నాయన మాటే విను, ఉద్యోగం ఇంకొకటి దొరుకుతుంది.

వెళ్తే, 2,500 మీటర్లు దాటిన చోట మొదటి రెండు రోజులు బరువు పని పెట్టుకోకు. తలనొప్పి తగ్గకపోతే కిందికి దిగు, ఓర్చుకుని కూర్చోకు. ఊళ్లో పెద్దవాళ్లతో రోజూ ఒక పూట కూర్చో, టీ ఇస్తారు, వాగు ఎప్పుడెప్పుడు ఎక్కడి దాకా వచ్చిందో వాళ్లే గోడ చూపించి చెబుతారు. ఆ గోడ గుర్తు నీ గది గడప కంటే పైన ఉంటే అదే రోజు గది మార్చు. సైట్ ఏ నది మీద ఉందో, దగ్గరి ఊరు ఏదో రాసి పంపు. దాని పైన ఏమేం సరస్సులున్నాయో నేను ఉపగ్రహ చిత్రాల్లో చూసి, మీ నాయనకు కూడా అర్థమయ్యేట్టు బొమ్మ గీసి పంపిస్తాను.